ఇష్టం ముందా, చదువు ముందా

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే పాలమూరు ప్రాంతంలోని అమరచింత, ఆత్మకూరు, గద్వాల చుట్టుపక్కల పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ: ఏ గ్రూపు? ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా? అమెరికాలో రాసిన పుస్తకాలు తిరగేస్తే, విద్యార్థి తన ప్రధాన విషయాన్ని కాలేజీలో చేరి ఏడాదో రెండేళ్లో గడిచాక నింపాదిగా తేల్చుకుంటాడని ఉంటుంది. మన దగ్గర ఆ నిర్ణయంలో పెద్ద భాగం పదిహేనేళ్లకే అయిపోతుంది. సీఈసీ చదివిన అమ్మాయి డిగ్రీలో భౌతికశాస్త్రం అడగడానికి వీల్లేదు. బైపీసీ చదివిన అబ్బాయికి కంప్యూటర్ ఇంజినీరింగ్ దారి మూసుకుపోయినట్టే. ఎంపీసీ చదివినవాళ్లు మాత్రం ఇంజినీరింగుకు పోవచ్చు, బీఎస్సీకి పోవచ్చు, మనసు మారితే బీకాం, బీఏలకూ పోవచ్చు. ఆ వయసు పిల్లల్ని పెద్దలు కూర్చోబెట్టి "నీకేది ఇష్టం?" అని అడుగుతారు. చాలామంది పిల్లలు జవాబు చెప్పలేక తల దించుకుంటారు. దాన్ని చూసి పిల్లవాడికి గురి లేదనీ, చదువు మీద శ్రద్ధ లేదనీ అనుకుంటారు.

తప్పు పిల్లవాడిది కాదు, ప్రశ్నది. ప్రతి మనిషి లోపలా ఒక ఇష్టం ముందే సిద్ధంగా ఉంటుందనీ, దాన్ని తవ్వి తీసి దానికి సరిపోయే కోర్సులో చేర్పిస్తే శ్రద్ధ తనంతట అదే వస్తుందనీ మనం నమ్ముతున్నాం. గత యాభై ఏళ్లలో మనస్తత్వశాస్త్రం, విద్యా ఆర్థికశాస్త్రం కూడగట్టిన ఆధారాలు ఈ నమ్మకాన్ని పెద్దగా బలపరచవు. ఇష్టం చాలావరకు చదువులోంచి పుడుతుంది. చదువుతున్నది అర్థమవుతున్నప్పుడు, అది తన బతుకుతో ముడిపడి ఉందని కనిపించినప్పుడు, పక్కన పట్టించుకునే మనిషి ఒకరున్నప్పుడు మొలిచి, ఎదుగుతుంది. ఈ మూడూ లేనిచోట, ఎంత కోరి చేరిన కోర్సయినా రెండో సెమిస్టర్‌కల్లా చప్పబడిపోతుంది. ఇది నిజమైతే, పదిహేనేళ్ల పిల్లల నుంచి సరైన ఎంపికను రాబట్టాలన్న మన ఆరాటం చాలావరకు వృథా. ఆ శక్తిని చేరిన తరువాతి చదువు మీద పెట్టాలి.

ముందు ఎంపిక నిజంగా ఎలా జరుగుతోందో చూడాలి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దాదాపు అన్నీ 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో నడుస్తున్నాయి. ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరు, రెండు వందల రూపాయల రిజిస్ట్రేషన్ రుసుము, ఆపైన వెబ్ ఆప్షన్లు: కాలేజీ పేరు, కోర్సు, మాధ్యమం వరుసగా పెట్టుకుంటూ పోవాలి. తెర మీద రాష్ట్రంలోని కాలేజీలు దాదాపు అన్నీ ఉంటాయి. కానీ నెట్ సెంటర్ కుర్చీలో కూర్చున్న అమ్మాయికి అందులో అందుబాటులో ఉన్నవి పట్టుమని పది కూడా ఉండవు. పొద్దున బస్సెక్కి సాయంత్రం చీకటిపడే లోపు ఇంటికి తిరిగి రాగలిగే కాలేజీలు ఏవో ఇంట్లో ముందే తేలిపోయి ఉంటుంది. వనపర్తి, లేకుంటే గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున్న ప్రభుత్వ కాలేజీ. అక్కడ ఉన్న కోర్సుల్లో అక్క చదివినదో, పక్కింటి అన్న చదివినదో పైకి వస్తుంది. కొత్త కోర్సు పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, దాన్ని చదివి బతుకుతున్న మనిషి కంటికి కనబడకపోతే ఆ వరుసలో అది అడుగునే ఉంటుంది.

ఇది పాలమూరు వెనుకబాటు అనుకోవడానికి వీల్లేదు. చిలీ, క్రొయేషియా, స్వీడన్ దేశాల ప్రవేశాల రికార్డులను పరిశీలించి 2021లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం, అన్నో అక్కో సీటు సంపాదించిన చోటికే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కువగా వెళ్తున్నారని చూపింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థినుల మీద గిరిజా బోర్కర్ చేసిన పరిశోధన ఇంకా సూటిగా మనకు తగులుతుంది. మంచి పేరున్న కాలేజీలో చేరే మార్కులున్నా, దారిలో వేధింపుల భయం తక్కువని తోచిన కాలేజీని, అది కాస్త దిగువ స్థాయిదైనా, అమ్మాయిలు ఎంచుకుంటున్నారు. అబ్బాయిల్లో ఈ ధోరణి అంతగా లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు బస్సు చార్జీ లేదు. దాంతో ఖర్చు తగ్గింది. ఆఖరి బస్సు ఎన్నింటికన్న ప్రశ్న అలాగే ఉంది. అది తేలనంతకాలం ఆ అమ్మాయి ఆప్షన్లలో ఇష్టం ఎంత, దారి ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు.

తల్లిదండ్రులు ఎంపీసీ వైపు తోయడంలో కూడా మనం తరచూ వెక్కిరించేంత అజ్ఞానం లేదు. ముందు చెప్పినట్టు, ఎక్కువ దారులు తెరిచి ఉంచే గ్రూపు అదొక్కటే. లెక్కల మీద ప్రేమ ఉన్నా లేకున్నా, రేపటి గురించి ఏమీ తెలియనప్పుడు దారులు మూసుకోని వైపు నడవడం తెలివైన పనే. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజినీరింగు కూలి ఇళ్లకు కూడా అందేంత దూరంలోకి వచ్చింది. ఒక తరం కింద ఆ ఆలోచనే రాని ఇళ్లలో అది మొదటి ఆలోచన అయింది. 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల ప్రకారం విడదీస్తే జోగులాంబ గద్వాలలో అక్షరాస్యత సగానికి కాస్త లోపే. అంటే ఇక్కడి డిగ్రీ తరగతిలో కూర్చున్నవాళ్లలో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. "సూక్ష్మజీవశాస్త్రం అంటే నాకిష్టం" అని చెప్పాలంటే, ఆ శాస్త్రం చేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారో ఒక్కసారైనా చూసి ఉండాలి కదా. చూడనిదాన్ని ఇష్టపడమని అడుగుతున్నాం.

ఇక ఇష్టం ఎలా పుడుతుందన్న విషయానికి వస్తే, సుజాన్ హిడి, ఆన్ రెన్నింగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఇచ్చిన వివరణ ఈ రంగంలో బాగా నిలబడింది. వాళ్ల లెక్కన ఆసక్తికి నాలుగు దశలున్నాయి. ఏదో ఒక పాఠమో ప్రయోగమో ఒక క్షణం పట్టి ఆపుతుంది, అది మొదటిది. ఆ పట్టు కొన్ని రోజులు నిలిస్తే రెండోది. మనిషి తనంతట తాను ప్రశ్నలు వేసుకుని మళ్లీ మళ్లీ దాని దగ్గరికి పోతుంటే మూడోది. ఎవరూ తోడు లేకున్నా, కష్టమొచ్చినా వదలని స్థిరమైన ఆసక్తి నాలుగోది. మొదటి రెండు దశల్లో ఆసక్తిని నిలిపేది బయటి ఆసరాయే: మంచి టీచరు, చేతికందిన పరికరం, తోటివాళ్ల ముచ్చట. ఆ ఆసరా లేకుంటే పుట్టిన ఆసక్తి వాడిపోతుంది. మన పదిహేనేళ్ల విద్యార్థి, అదృష్టం బాగుంటే, మొదటి దశలో ఉంటాడు. అతణ్ని నాలుగో దశ ప్రశ్న అడుగుతున్నాం.

నమ్మకం కూడా ఇందులో పని చేస్తుందని 2018లో పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ ప్రయోగాల్లో తేలింది. ఆసక్తి పుట్టుకతో ఉండేదని నమ్మే విద్యార్థులు కొందరు, పెంచుకుంటే పెరిగేదని నమ్మేవాళ్లు కొందరు. కృష్ణబిలాల మీద స్టీఫెన్ హాకింగ్ ఆలోచనలను తేలికగా చెప్పే చిన్న వీడియో చూపిస్తే రెండు రకాలవాళ్లూ ముచ్చటపడ్డారు. అదే విషయం మీద ఒక కఠినమైన శాస్త్రీయ వ్యాసం చేతికిచ్చేసరికి మొదటి రకంవాళ్ల ఉత్సాహం ఎక్కువగా చల్లారింది. కష్టం ఎదురవగానే వాళ్లు "ఇది నాది కాదు" అని తేల్చుకున్నారు. మన ఇళ్లలో "నీ అసలు ఇష్టం కనిపెట్టు" అని మంచి మనసుతోనే చెప్పే మాటకు ఇలాంటి దుష్ఫలితం ఉంది. ఇంటర్ మొదటి ఏడాది కలనగణితం ముందు తడబడ్డ పిల్లవాడు, తడబాటును చదువులో మామూలు విషయంగా చూడకుండా, తాను తప్పు గ్రూపులో పడ్డానన్న సాక్ష్యంగా చూస్తాడు.

ఈ నేల మీద ఇందుకు ఒక పెద్ద ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల సంస్థానం ఇటిక్యాలపాడుకు చెందిన ఆయన చదివింది న్యాయశాస్త్రం. నిలిచిపోయింది మాత్రం 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక వల్ల, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వల్ల. ఆ పుస్తకానికే 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చరిత్రే ఆయన అసలు విషయమనీ, న్యాయశాస్త్రం తప్పుడు ఎంపిక అనీ ఎవరైనా అంటారా? సాక్ష్యాలను పేర్చి వాదించే అలవాటు న్యాయశాస్త్రం నేర్పేదే. ఒక మనిషి చదివిన విషయానికీ, అతను చేసే పనికీ మధ్య దారి తిన్నగా ఉండాల్సిన పని లేదు.

ఇష్టాన్ని పెంచేవాటిలో మొదటిది, చేయగలుగుతున్నానన్న అనుభవం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ అని ఒకటుంది. పేద ఇళ్ల పిల్లలే అందులో ఎక్కువ, ట్యూషన్ ఫీజు ఉండదు. టాడ్ స్టైన్‌బ్రిక్నర్, రాల్ఫ్ స్టైన్‌బ్రిక్నర్ అక్కడి విద్యార్థులను చేరిన రోజు నుంచి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రశ్నించి 2014లో ఫలితాలు ప్రచురించారు. చేరేటప్పుడు సైన్సు, గణితం కోరుకున్నవాళ్లు చాలామంది. పూర్తి చేసినవాళ్లు కొద్దిమంది. సైన్సంటే మొహం మొత్తడం కంటే, తమకు వస్తాయనుకున్న మార్కులకూ వచ్చిన మార్కులకూ మధ్య తేడాయే వాళ్లను ఎక్కువగా బయటికి నెట్టింది. దీన్ని మన దగ్గరికి తెచ్చి చూడండి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు కూర్చుంటుంది. మొదటి పరీక్షలో పడిపోయిన మార్కులు భాష వల్లా, విషయం వల్లా అన్నది ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పరు. ఫిజిక్స్ నాకు రాదు అనుకుంటుంది. ఆ తరువాత ఫిజిక్స్ నాకిష్టం లేదు అంటుంది. రెండో మాటే మన చెవిన పడుతుంది కాబట్టి అదే కారణమనుకుంటాం.

రెండోది, చదువుకూ బతుకుకూ మధ్య ముడి. 2009లో క్రిస్ హల్లెమన్, జూడిత్ హారకీవిజ్ అమెరికాలో తొమ్మిదో తరగతి సైన్సు విద్యార్థులతో ఒక చవకైన ప్రయోగం చేశారు. కొందరిని చదివిన పాఠం సారాంశం రాయమన్నారు. మిగతావాళ్లను ఆ పాఠానికీ తమ జీవితానికీ ఉన్న సంబంధం రాయమన్నారు. తమకు మంచి మార్కులు రావన్న నిస్పృహతో ఉన్న విద్యార్థుల్లో, సంబంధం రాసినవాళ్లకు ఆసక్తీ పెరిగింది, మార్కులూ పెరిగాయి. ఆ తరువాతి పరిశోధనలు ఒక జాగ్రత్త చెప్పాయి. "ఇది నీకు చాలా ఉపయోగం" అని టీచరే ఉపదేశిస్తే, ఆత్మవిశ్వాసం తక్కువున్న విద్యార్థికి ఒక్కోసారి అది భారమై వెనక్కి లాగుతుంది. ముడిని విద్యార్థి తన చేత్తో వేసుకోవాలి.

అలాంటి ముడులకు అమరచింతలో కొదవ లేదు. ఇక్కడి మగ్గాల మీద గద్వాల రకం చీరలు నేస్తారు. నూలు ఒడలు, పట్టు అంచు కలిసిన ఆ చీర ఒక రసాయనశాస్త్ర పాఠం. ముడి పట్టుపోగులో రెండు ప్రోటీన్లుంటాయి. లోపలిది ఫైబ్రోయిన్, దాన్ని జిగురులా కప్పి ఉన్నది సెరిసిన్. సబ్బు, సోడా వేసిన వేడినీళ్లలో ఉడికిస్తే సెరిసిన్ కరిగిపోతుంది. పోగు బరువు దాదాపు పావు వంతు తగ్గుతుంది, పట్టుకు ఆ మెరుపు అప్పుడే వస్తుంది. సోడా గాఢత మరీ పెరిగితే ఫైబ్రోయిన్ కూడా దెబ్బతిని పోగు పాడవుతుంది. అదే గాఢతకు నూలు చెక్కుచెదరదు, ఎందుకంటే నూలు ప్రోటీన్ కాదు, సెల్యులోజ్. రంగుల సంగతీ అంతే. కొద్దిగా పుల్లటి నీటిలో పట్టులోని అమైన్ సమూహాలకు ధనావేశం వస్తుంది, రుణావేశమున్న ఆమ్ల రంగులు వాటిని పట్టుకుంటాయి. సెల్యులోజ్‌కు ఆ పట్టు లేదు, దానికి వేరే రంగులు, వేరే పద్ధతి. ఒకే చీరలో రెండు రకాల రసాయనం నడుస్తోంది. ఇంటర్ రెండో ఏడాది పుస్తకంలో అమైన్లు ఒక పాఠంలో, ప్రోటీన్లు, కార్బోహైడ్రేట్లు ఇంకో పాఠంలో పొడిపొడిగా ఉంటాయి. పడుగు పేకల మధ్య పెరిగిన అమ్మాయి ఆ పాఠాలను చీర అంచు దగ్గర కలిపి రాసుకోగలిగితే, బైపీసీ ఆమెకు పరాయి వస్తువుగా మిగలదు.

మగ్గం మీది జాకార్డు కూడా అంతే. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి పోతుంది, దానితో పడుగు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట లేవదు. ఒకటి, సున్నా. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జాకార్డ్ రూపొందించిన ఈ అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం కోసం అరువు తెచ్చుకున్నాడు. కంప్యూటర్ సైన్సు సీటు కోసం హైదరాబాదు పోయే పిల్లల్లో కొందరి ఇళ్లలో ఆ సైన్సు పూర్వరూపం తాతల నాటి నుంచీ టకటకలాడుతోంది. దగ్గర్లోని జూరాల జలవిద్యుత్ కేంద్రం చూడండి. సెకనుకు ఒక ఘనమీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే, నష్టాలు లేవనుకుంటే, 9.8 కిలోవాట్ల శక్తి. ఎత్తు తక్కువైన చోట 234 మెగావాట్లు తీయాలంటే ఎంత నీరు కావాలో ఎంపీసీ విద్యార్థి నోటుబుక్కులో లెక్కగట్టి, కృష్ణలో వరద లేని నెలల్లో ఆ టర్బైన్లు ఎందుకు ఆగిపోతాయో తానే చెప్పగలడు. పెబ్బేరులో మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. జూరాల చేపలు తిన్నవాళ్లెందరో, ఆ చేపల మీద డిగ్రీ ఉందని తెలిసినవాళ్లు అందులో ఎందరు?

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. ఇష్టం తరువాత పుట్టేదే అయితే, తల్లిదండ్రులు ఏది చెబితే అదే చేయమని అంటున్నట్టా? ఒత్తిడికి నలిగిపోతున్న పిల్లల మాటేమిటి? దీనికి జవాబు వెతకడానికి షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రచురించిన ప్రయోగం పనికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు అక్షరాలను కూర్చి పదాలు చేసే ఆట ఇచ్చారు. తెల్లజాతి పిల్లలు తాము ఎంచుకున్నప్పుడు ఎక్కువ ఉత్సాహంగా ఆడారు. ఆసియా మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందని చెప్పినప్పుడు అందరికన్నా ఎక్కువగా ఆడారు. ఎవరో తెలియని మనిషి ఎంచినప్పుడు మాత్రం రెండు రకాల పిల్లలూ డీలాపడ్డారు. అంటే ఎంపిక ఎవరు చేశారన్నదానికంటే, చేసిన మనిషి తనవాడా, ఆ నిర్ణయాన్ని పిల్లవాడు తనదిగా ఒప్పుకున్నాడా అన్నది ముఖ్యం. ఇది ఆడుకునే వయసు పిల్లల మీద చేసిన ప్రయోగం కాబట్టి రెండేళ్ల చదువుకు దీన్ని అచ్చంగా అతికించలేం. అయినా మన ఇళ్లకు ఇందులో ఒక గీత కనిపిస్తుంది. అమ్మానాన్న కారణం చెప్పి, పిల్లల మాట విని, కలిసి చేసిన ఎంపిక బలవంతం కాదు. పదిమందిలో పరువు కోసం, ఏడిస్తే వినకుండా, హాస్టల్లో పడేసి తాళం వేసే ఎంపిక బలవంతమే. దాన్ని నేను ఏ ఆధారంతోనూ సమర్థించను. అమ్మ మాట మీద చేరిన పిల్లవాడు, రెండేళ్లపాటు ఎవరో తెలియని మనిషి టైంటేబుల్ కింద బతకాల్సి వస్తే, ఆ ప్రయోగంలో డీలాపడ్డ పిల్లల స్థితే అతనిదీ అవుతుంది.

ఇంతకన్నా చిక్కైన ఆక్షేపణ నార్వే నుంచి వచ్చింది. అక్కడ కూడా మన దోస్త్ లాగే ఒకేచోట నుంచి ప్రవేశాలు, వరుసలో ఆప్షన్లు, మార్కుల కటాఫ్. కటాఫ్‌కు వెంట్రుకవాసి పైన ఉండి కోరిన కోర్సు దొరికినవాళ్లనూ, వెంట్రుకవాసి కింద ఉండి రెండో కోరికతో సరిపెట్టుకున్నవాళ్లనూ పోల్చి లార్స్ కిర్కెబోయెన్, ఎడ్విన్ లూవెన్, మాగ్నె మోగ్‌స్టాడ్ 2016లో ఒక మాట చెప్పారు. చదివిన విషయాన్ని బట్టి సంపాదన బాగా మారుతోంది. అంతేకాదు, మనుషులు తమకు ఎక్కువ కలిసొచ్చే రంగాలనే ముందు వరుసలో పెట్టుకుంటున్నారు. అంటే ఎంపికకు ముందే మనిషికి తన గురించి ఏదో తెలుసన్నమాట. దీన్ని కొట్టిపారేయను. మొగ్గు అనేది ఉంది, దాన్ని గౌరవించాలి. రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లను మెడిసిన్‌కు తోయమని ఎవరూ చెప్పరు. కానీ ఆ నార్వే విద్యార్థి అన్ని విషయాలూ కొంతకొంత చదివి, పద్దెనిమిది దాటాక, దేశమంతా తిరగగల స్థోమతతో ఆప్షన్లు పెట్టుకున్నాడు. తన గురించి తనకు తెలిసేంత సమయం అతనికి దొరికింది. మన పిల్లల జాబితాలో బస్సు వేళలు, అక్క కోర్సు, నెట్ సెంటర్ అన్న సలహా కలిసి ఉన్నాయి. రాష్ట్రంలో డిగ్రీ చేరికల్లో ఈమధ్య బీకాందే పైచేయి అయిందంటే అంతమంది మనసులు ఒక్కసారిగా వాణిజ్యశాస్త్రం వైపు తిరిగాయనుకోలేం. ఉద్యోగాల లెక్క మారింది, దాన్ని ఇళ్లు గమనించాయి.

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి అందరికన్నా గట్టిగా వినిపించే మూడో ఆక్షేపణను చూద్దాం. ముంబైకో పుణేకో వలసపోయి తట్ట మోసిన తండ్రి కొడుకును ఆసక్తి గురించి అడగడం ఎందుకు, వాడికి కావలసింది జీతం. ఈ మాటలో న్యాయముంది. చదువు మీద ప్రేమనూ జీతం మీద ఆశనూ శత్రువులుగా చూపే వాదం నాకు నచ్చదు. అలా చూపడానికి వాడుకునే ప్రయోగాలు ప్రసిద్ధమైనవే. 1971లో ఎడ్వర్డ్ డెసి, పజిల్ విప్పినందుకు డబ్బిచ్చి, ఆ తరువాత ఆపేస్తే, విద్యార్థులు ఖాళీ సమయంలో ఆ పజిల్ జోలికి పోవడం తగ్గిందని చూపాడు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్, బొమ్మలు గీస్తే ప్రశంసాపత్రమిస్తామని ముందే ఆశపెట్టిన చిన్నపిల్లలు ఆ తరువాత మామూలుగా గీసే సమయం దాదాపు సగానికి పడిపోయిందని చూపారు. కానీ రెండింటిలోనూ డబ్బూ ప్రశంసాపత్రమూ వచ్చింది అప్పటికే సరదాగా చేస్తున్న పనికి. కుటుంబాన్ని నిలబెట్టే ఉద్యోగం అలాంటి తాయిలం కాదు. డెసి, రిచర్డ్ రయన్ తరువాత విస్తరించిన సిద్ధాంతమే ఈ తేడాను ఒప్పుకుంటుంది. తిట్లకు భయపడి చదవడం వేరు, ఈ చదువు నాకు ఫలానా బతుకునిస్తుందని తాను నమ్మి చదవడం వేరు. కెనడాలోని క్విబెక్‌లో వెయ్యిమందికి పైగా జూనియర్ కాలేజీ విద్యార్థులను రాబర్ట్ వలెరాండ్, రాబర్ట్ బిసొనెట్ పరిశీలించి 1992లో ప్రచురించిన ఫలితాల్లో, కోర్సును వదలకుండా నిలబడ్డవాళ్లలో చదువునే ఆస్వాదించే గుణంతో పాటు, దాని విలువను తమదిగా చేసుకున్న గుణం కూడా ఎక్కువగా కనిపించింది. వదిలేసినవాళ్లలో ఎక్కువగా ఉన్నది, ఎందుకు చదువుతున్నానో తెలియని శూన్యం.

ఆ శూన్యాన్ని నింపేది ఉపన్యాసం కాదు, కళ్లెదుట ఒక దారి. రాబర్ట్ జెన్సెన్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల పల్లెల్లో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగం దీన్ని నిక్కచ్చిగా చూపింది. చీటీలు తీసినట్టు కొన్ని ఊళ్లను ఎంచి, కాల్‌సెంటర్ల లాంటి ఉద్యోగాలకు ఆడపిల్లలను తీసుకునే నియామక ప్రతినిధులను మూడేళ్లపాటు ఆ ఊళ్లకు పంపారు. ఉద్యోగాలు దొరికింది పెద్దమ్మాయిలకు. కానీ ఆ ఊళ్లలో చిన్నమ్మాయిలు బడిలో ఉండటం పెరిగింది, వాళ్ల ఒంటి బరువు కూడా మెరుగుపడింది. తల్లిదండ్రుల కోరికలు మారడానికి ఉపదేశం అక్కర్లేకపోయింది. దారి ఉందని తెలిస్తే చాలింది. మన దగ్గర నేతపని చేసే ఇళ్లలో డిగ్రీ అంటే మగ్గం నుంచి తప్పించుకునే దారిగానే ఉంది. చేనేత సాంకేతికతలో డిప్లొమా ఉందనీ, దానికోసం ఇన్నాళ్లూ వెంకటగిరి దాకా పోవాల్సి వచ్చేదనీ, 2024లో హైదరాబాదులోనే కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో సంస్థ మొదలైందనీ తెలిసినప్పుడు ఆ అమ్మాయి ముందు మూడో దారి కనబడుతుంది. ఆమె దాన్ని తీసుకోకపోవచ్చు. తెలిసి వద్దనుకోవడం కూడా ఎంపికే.

విద్యార్థులను ఎప్పుడు విడదీయాలన్న దాని మీద కూడా ఒక మంచి పోలిక ఉంది. ఇంగ్లండులో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టేటప్పుడే విషయం తేల్చుకోవాలి. పక్కనే ఉన్న స్కాట్లండులో మొదటి రెండేళ్లు పలు విషయాలు చదివాక తేల్చుకోవచ్చు. రెండు చోట్లా పట్టభద్రులను పోల్చి ఒఫర్ మలముద్ 2011లో రాసినదాని ప్రకారం, చదివిన విషయానికి సంబంధం లేని ఉద్యోగంలోకి మారినవాళ్లు ఇంగ్లండులోనే ఎక్కువ. ముందే విడదీస్తే నైపుణ్యం పెరుగుతుందన్నది నిజమే అయినా, తన సంగతి తాను తెలుసుకునే అవకాశం పోతుంది, ఆ నష్టం ఉద్యోగంలో చేరాక బయటపడుతుంది. మనం ఇంగ్లండు కన్నా ముందే విడదీస్తున్నాం. పాత మూడు సబ్జెక్టుల బీఎస్సీని చాలామంది పాతచింతకాయ పచ్చడిలా చూస్తారు. నాకు అందులో ఒక గుణం కనిపిస్తుంది: మూడింటినీ పక్కపక్కన పెట్టి తనకేది అబ్బుతుందో విద్యార్థి మూడేళ్లు చూసుకోగలిగేవాడు. 2023-24లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో ఒకే మేజర్ విధానం తెచ్చినప్పుడు లోతు పెరుగుతుందన్నారు. పెరగవచ్చు. పోల్చిచూసుకునే అవకాశం తగ్గుతుందన్నది కూడా లెక్కలోకి రావాల్సింది.

గ్రూపుల పద్ధతి రేపటికి రేపు మారదు. దాని లోపలే చేయగల పనులున్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఇంటర్లో చేరిన మొదటి మూడు నెలలు గ్రూపు మార్చుకునే వీలును నామమాత్రంగా కాకుండా నిజంగా అమలు చేయవచ్చు. సీఈసీ నుంచి సైన్సు వైపు రావాలనుకున్నవాళ్లకు ఒక ఏడాది వంతెన కోర్సు పెట్టవచ్చు. పదో తరగతి పిల్లలను వేసవికి ముందే ఒక రోజు పెబ్బేరు కళాశాల ప్రయోగశాలకు, ఒక రోజు వనపర్తి రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు తీసుకుపోయి, అక్కడ చదువుతున్న తమ మండలం పిల్లలతోనే మాట్లాడించవచ్చు. పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో మొదటి సెమిస్టర్ ప్రతి పాఠం చివర అరపేజీ ముడి రాయించి, దానికీ కొన్ని మార్కులు పెట్టవచ్చు. మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక మార్కులు తగ్గిన ప్రతి విద్యార్థితో ఒక అధ్యాపకుడు పది నిమిషాలు కూర్చుని, తగ్గింది భాషలోనా, పునాదిలోనా, విషయంలోనా అని విడదీసి చెప్పవచ్చు. అరవై మంది తరగతికి అది పది గంటల పని. ఏ గ్రూపు తీసుకోవాలని ఇంటింటా నెల రోజులు సాగే చర్చతో పోలిస్తే పది గంటలు ఎక్కువేమీ కాదు. వేసవి చర్చ ఎలాగూ ఆగదు, ఈ పది గంటలు మాత్రం ఇప్పుడు ఎవరి టైంటేబుల్లోనూ లేవు.